నీడ తీసెయ్యని మొక్క

నా చిన్నప్పుడు, కొండవాలంతా పసుప్పచ్చటి వలిసె పూలు పరుచుకున్న రోజుల్లోనే మా తాత కళ్ళు కూడా ఆ పసుపు రంగుకి తిరిగాయి. కాలేయంలో క్యాన్సర్ గడ్డ అన్నారు. కొండ దిగి పట్నం ఆసుపత్రికి వెళితే, డాక్టరు తాత ముఖమైనా చూడకుండా, "ఇంత ముదిరాక తెచ్చారా? ఏమీ చెయ్యలేం, తీసుకుపోండి" అని మా నాన్నతో అన్నాడు. అని, గడియారం చూసుకున్నాడు. ఆ చూపు నాకింకా గుర్తే.

ఇంటికొచ్చి అన్నం మానేశాను. గడ్డని కోసెయ్యొచ్చు కదా, అదీ నా కోపం. ఒక పొద్దున తాత నా భుజం ఆసరాగా, పెద్ద చెట్ల నీడన పెంచే మా కాఫీ తోటలోకి నడిచాడు. పొగమంచులో మొక్కలు దగ్గరికెళితేనే కనిపించి, దాటగానే కరిగిపోతున్నాయి. తాత కూడా అలాగే కరిగిపోతాడేమోనని చొక్కా అంచు గట్టిగా పట్టుకున్నాను.

"ఏటే గుంటా, ఇంకా ఆ డాకటేరు మీద పళ్ళు నూరతన్నావా?" అని నవ్వాడు.

కాండం తొలిచే పురుగు పైన ఒక్కచోటే ఉంటే దాని కిందికి నరికేస్తామని, మొక్క మళ్ళీ చిగురిస్తుందని చూపించాడు. మొక్కే చెడితే పీకేసి, ఆ గుంతలో మంచి మొక్క పెడతామన్నాడు. తన జబ్బూ మొదట్లో తెలిసుంటే అలాంటిదేదో చేసేవారట. తర్వాత, మొదలంటా తొలిచేసినా ఎర్రటి పళ్ళతో నిలబడ్డ మొక్క దగ్గర ఆగాడు.

"మరి దీన్నేటి సేత్తాం తాతా?"

"పళ్ళు కోసేదాకా నీడుంచుతాం. ఎండకొదిలెయ్యం కదే. ఆ డాకటేరు అబద్ధమాడనేదు, నయం సెయ్యనేడు. నొప్పికి మందు మనమే అడగనేదు."

మర్నాడు నాన్నతో నేనూ బస్సెక్కాను. డాక్టరు గది గుమ్మంలో కూర్చున్నాను. ఆయా "లెగవే గుంటా" అని కసిరినా లేవలేదు. చివరికి ఆయన నొప్పికి మందు రాశాడు, పొట్టలో చేరిన నీరు తీస్తాం, తాతని తీసుకురమ్మన్నాడు. కాఫీ పళ్ళ కోతలు అయ్యాక తాత పోయాడు, అప్పటిదాకా మూలుగు లేకుండా నిద్రపోయాడు.

కొన్నేళ్ళకి మా చిన్నాన్నకీ అదే జబ్బొచ్చింది. ఈసారి గడ్డ చిన్నదిగా ఉండగానే వెళ్ళాం. కొయ్యొచ్చా, వేడితో మాడ్చొచ్చా, కాలేయమే మార్చొచ్చా, గడ్డకి రక్తమిచ్చే నాళంలోకి మందు పంపొచ్చా అని అడిగి అడిగి విసిగించాను. కోశారు. ఆయన ఈ యేడూ తోటకెళ్ళాడు.

ఆ గడియారం చూసుకున్నాయన్ని నేను క్షమించలేదు, క్షమించను కూడా. కానీ ఎవరి మంచం పక్కన నిలబడ్డా, "ఏమీ చెయ్యలేం" అన్న మాట వినగానే, "మరి నొప్పికి?" అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలను. అంతసేపూ నా పిడికిట్లో తాత చొక్కా అంచు ఉన్నట్టే ఉంటుంది.