మా చెరువు గట్టు పేలిన చప్పుడు

ఏలూరులో గదిలో కూర్చుని, కంప్యూటర్ మీద చెవులు చిల్లులు పడే ఎలక్ట్రానిక్ పాటలు కడుతుంటాను. డ్రమ్ము దెబ్బ, కేక, పేలుడు, అన్నీ చప్పుళ్ళు ముందే రికార్డు చేసి అమ్మే శాంపిల్ ప్యాక్ సీడీలో రెడీగా దొరికేవే. ఇవాళ పొద్దున కొల్లేటిలో మా చేపల చెరువును సరస్సు ఆక్రమణ అని చెప్పి, అధికారులు గట్టుకు మందు పెట్టి పేల్చేశారు. దూరంగా నిలబడి రికార్డు చేశాను. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు.

సాయంత్రం నాన్న నాతో గదికి వచ్చారు. రికార్డు చేసింది విని చూస్తే, ధాన్యం బస్తా కింద పడ్డట్టు ఒక్క ‘ధబ్’, అంతే. సీడీలోని పేలుడు ముందు ఇది ఎందుకూ పనికిరాదనిపించింది. ఇంతలో నాన్న హెడ్‌ఫోన్స్ అడిగి పెట్టుకున్నారు.

“పేలుడు సరేరా, ఆ తర్వాతది మళ్ళీ పెట్టు,” అన్నారు.

“తర్వాత ఏముంది నాన్నా, నీళ్ళు పోతున్న చప్పుడేగా?”

“నీళ్ళు కాదురా. చేపలు కొట్టుకుంటున్నాయి.”

మూడుసార్లు విని, హెడ్‌ఫోన్స్ తీసి, అన్నానికి లేచారు. తర్వాత నేనూ విన్నాను. నాకు నీళ్ళే వినబడ్డాయి. చప్పుళ్ళు కోసి అతికించడమే పనిగా పెట్టుకున్నవాణ్ణి, నా చెవులకేమైందో మరి.

ఆ ముక్క పాటలో పెట్టనా, చెరిపెయ్యనా? మీరైతే ఏం చేస్తారండీ?