పూజారి వాచీ, నా ఎడమ చెయ్యి

ఏళ్ల తరబడి గుళ్లో హారతుల మధ్య చక్కగా తిరిగిన వాచీ, ఒక నాస్తికుడి చేతికి రాగానే ఆగిపోయిందని వింటే మీకు మొదట ఏమనిపిస్తుంది? పైకి చెప్పే జవాబు నాకు అక్కర్లేదు. నోరు తెరవకముందు లోపల చప్పున ఒకటి మెరుస్తుంది చూడండి, దాని గురించి అడుగుతున్నాను. సిగ్గుపడకండి. ఆ వాచీ ఆగింది నా చేతికే, ఆ మెరుపు నాలోనూ మెరిసింది.

తాడేపల్లిగూడెంలో ఒక గ్రంథాలయం వాళ్లు ఏటా చర్చ పెడతారు. ముహూర్తాలు, జాతకాలు, దిష్టి, ఏదో ఒకటి. అవి దండగని వాదించడానికి నన్ను ఏలూరు నుంచి పిలుస్తారు. అవసరమేనని వాదించడానికి కైకలూరు దగ్గర కొల్లేటి ఒడ్డు ఊరి అర్చకుడొకాయన వస్తాడు. నేను కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, పాతికేళ్లుగా వ్యాసాలు రాస్తున్నవాణ్ని. మైకు దొరికితే బల్ల గుద్దుతాను. ఆయన గొంతు పెంచడు. నేను చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాక లేచి, "మాస్టారు సెలవిచ్చినదంతా బాగానే ఉందండీ. వారి అమ్మాయి పెళ్లి ఆదివారం పూటే ఎందుకు చేశారో కూడా చెబితే వింటామండీ" అంటాడు. సెలవు రోజని చేశామయ్యా అంటే, "మేమూ అంతేనండీ, నలుగురికీ కుదిరే రోజునే మంచిరోజంటాం" అని కూర్చుంటాడు. హాలంతా నవ్వుతుంది. నాకూ నవ్వొస్తుంది, ఆపుకుంటాను.

ఆయన వాదన మీద నాకెన్నడూ మనసు పోలేదు గానీ, ఆయన వాచీ మీద పోయింది. మాట్లాడుతూ ఎడమ చెయ్యి ఎత్తినప్పుడల్లా ముదురు నీలం డయలు తళుక్కుమంటుంది. జపాను తయారీ, పాత ఆటోమేటిక్. వారం, తేదీ కూడా చూపిస్తుంది. నాదీ పాతదే, మన దేశంలో తయారైన కీ వాచీ. ఏలూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో సెకండ్‌హ్యాండులో కొన్నాను. రోజూ కాఫీ తాగుతూ కీ ఇస్తే మర్నాటిదాకా సెకను తప్పదు. దానికి వంక పెట్టడానికేమీ లేదు. అయినా నాకు నీలం డయలు కావాలనిపించేది.

ఈసారి చర్చ అయ్యాక ఇద్దరం స్టేషను దగ్గర టీ తాగుతున్నాం. పక్కన ఉల్లిపాయల లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన నా చేతికేసి చూసి, "మీ వాచీ ఒకసారి ఇలా ఇవ్వండి మాస్టారూ" అన్నాడు. తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నమ్మకంగా నడుస్తుందాండీ?"

"నమ్మకంతో పని లేదు పంతులుగారూ. కీ ఇస్తే నడుస్తుంది."

"ఆయ్, అలాంటిదే కావాలండీ. మార్చుకుందామా?"

టీ గొంతులో అడ్డం పడింది. "మీ వాచీ ఎందుకిచ్చేస్తారండీ?"

ఆయన దాచలేదు. "ఆగిపోతోందండీ, నిరుటి నుంచీ. మొన్నొక పెళ్లిలో జీలకర్ర బెల్లం చేతికిచ్చి టైము చూద్దును కదా, తొమ్మిదిన్నర. పావుగంట మంత్రాలు చదివి మళ్లీ చూశాను. తొమ్మిదిన్నరే. పెళ్లికూతురి మేనమామ నన్ను తిట్టిన తిట్టు మళ్లీ తిట్టలేదనుకోండి. ఇంకొక్కసారి ఇలాగైతే నన్ను పెళ్లికి పిలిచేవాడుండడండీ."

"ఫోను ఉందిగా?"

"పీటల దగ్గర ఫోను తీస్తే టైము చూశాననుకోరండీ. పంతులు బొమ్మలు చూసుకుంటున్నాడంటారు."

"బాగు చేయించలేకపోయారా?"

"భీమవరంలో చూపించానండీ. లోపల అంతా భేషుగ్గా ఉందన్నాడు. నాకు శని నడుస్తోంది కదండీ, పాపం అతనేం చేస్తాడు."

శని మాట వినగానే గ్లాసు కింద పెట్టేశాను. చర్చ అయిపోయిందన్న సంగతి మరిచిపోయాను.

"చూడండి. ఈ వాచీకి కీ ఉండదు. లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువు ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగును బిగిస్తుంది. చెయ్యి కదలకపోతే వాచీ ఆగుతుంది. ఇప్పుడు చెప్పండి, నిరుడు మీ జీవితంలో ఏం మారింది?"

"ఏం మారిందండీ. అదే గుడి, అదే స్వామి."

"హారతిచ్చేటప్పుడు ఎడమ చేత్తో గంట మీరే కొడుతున్నారా?"

"లేదండీ. మా ఊళ్లో రొయ్యల చెరువుల ఆసామి కరెంటు గంట కొనిచ్చాడు. స్విచ్చి వేస్తే గంటా డోలూ అవే మోగుతాయి."

"సైకిలు?"

"స్కూటరు కొన్నానండీ."

"శని ఎక్కడో లేదు పంతులుగారూ. ఆ స్విచ్చిలో ఉంది."

ఆయన చాలాసేపు నవ్వాడు. కళ్లు తుడుచుకుని, "అయితే ఇన్నాళ్లూ వాచీని నడిపింది స్వామివారి గంటేనన్నమాట. మీ నోటితోనే ఒప్పుకున్నారండీ" అన్నాడు.

గంట మళ్లీ చేత్తో కొట్టుకోవచ్చు కదా అంటే, మోటారు ఆపితే ఆసామి చిన్నబుచ్చుకుంటాడన్నాడు. కీ వాచీ అయితే ఎవరితోనూ గొడవ ఉండదు. నాకైతే గొడవేముంది? క్షణం తీరిక లేని మనిషిని, నా చేతికి అది పరుగులు పెడుతుందన్నాను. మా వైపు గేదెను కొనేవాడు దగ్గరుండి రెండు పూటలు పాలు పిండించి చూశాకే బేరం ముగిస్తాడు. మేమూ అలాగే అనుకున్నాం. వారం పెట్టుకుని చూద్దాం, వచ్చే ఆదివారం పంతులుగారింట్లో తేల్చుకుందాం. అప్పుడు సరిగ్గా రాహుకాలం. నేను పట్టుబట్టి ఇప్పుడే మార్చుకోవాలన్నాను. ఆయన ఆగిపోయిన తన వాచీని చూసి, "దీంట్లో ఇంకా పొద్దున్న ఎనిమిదింబావేనండీ. రాహుకాలానికి బోలెడంత టైముంది" అని విప్పి నా చేతిలో పెట్టాడు.

రైల్లో ఏలూరు దాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఎదురుగా కూర్చున్నావిడ నాకు చెయ్యి తిమ్మిరెక్కిందనుకుంది. వాచీ బాగానే నడిచింది. తెల్లారేసరికి ఆగింది. ఊపాను, నడిచింది. మర్నాడు భోజనాల వేళకి మళ్లీ ఆగింది. ఆ వారం నేను శ్రమ గౌరవం మీద ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాను. పేరా పేరాకీ ఆగి వాచీ ఊపుకోవాల్సి వచ్చింది.

మేడ మీద ఉండే ఇంటి యజమాని మెట్ల దగ్గర పలకరించి, సంగతి విని, గొంతు తగ్గించాడు. "స్వామి సన్నిధిలో తిరిగిన వస్తువు కదండీ. ఎక్కడికొచ్చిందో దానికి తెలుస్తుంది." ఇనుప ముక్కకు నాస్తికత్వం ఎలా తెలుస్తుందని అరగంట వాదించాను. ఆయన నన్ను ఎంతో జాలిగా చూసి మేడెక్కిపోయాడు.

సాయంత్రం పంతులుగారి ఫోను. "మీ వాచీ మహా బాగుందండీ. నిన్నటి పెళ్లి నిమిషం తేడా లేకుండా జరిగింది. మరి మాదో?"

"ఆగుతోందండీ."

"నేనేమీ అనట్లేదండీ మాస్టారూ. మా ఊళ్లో వాళ్లు ఏమన్నా అంటే మాత్రం నాకు సంబంధం లేదండీ."

నా ఇరకాటం చూడండి. వాచీ తిరిగి ఇచ్చేస్తే, స్వామివారి వాచీ నాస్తికుణ్ని ఒప్పుకోలేదన్న కథ కొల్లేటి చుట్టూ ఊళ్లన్నీ తిరుగుతుంది. ఆ కథను తర్వాత ఏ చర్చలోనూ చంపలేను. ఉంచేసుకుంటే, నా బంగారం లాంటి కీ వాచీ పోగొట్టుకుని చచ్చిన వాచీ మోసుకు తిరగాలి. నూనె ఎండిపోయి ఉంటుందన్నాను. స్ప్రింగు అరిగి ఉంటుందన్నాను. చలి అన్నాను. అప్పుడు ఏలూరులో ఎండ మాడ్చేస్తోంది.

నా భార్య బళ్లో లెక్కల టీచరు. ఆమెకింకా సర్వీసుంది. పరీక్ష పేపర్లు దిద్దుతూ తలెత్తకుండా, "మీ సిద్ధాంతం ప్రకారం చెయ్యి కదలకపోతేనే కదండీ ఆగేది?" అంది.

"నా చెయ్యి కదలకపోవడమేంటి? పొద్దున్నుంచీ రాస్తూనే ఉన్నాను."

"రాసేది కుడి చేత్తో."

నా ఎడమ చేతికేసి చూసుకున్నాను. ఫాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద బరువు పెట్టినట్టు పడి ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. తీసి తొడ మీద పెట్టుకున్నాను. అక్కడా కదల్లేదు.

"ఒక్క చేతి మీద చూసి తేల్చేస్తారేంటండీ. మా పిల్లలైతే మార్కులు కోసేదాన్ని. ఇలా ఇవ్వండి" అని తీసుకుని తన చేతికి పెట్టుకుంది. బెల్టు ఆఖరి బెజ్జానికి బిగించినా వాచీ గాజులా జారుతోంది. నీళ్లు తగలకుండా మోచేతి దాకా తోసుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు పొద్దున్న వాచీ నడుస్తోంది. సాయంత్రమూ నడుస్తోంది. ఆ మర్నాడు బళ్లకి సెలవు. నేను వ్యాసం పక్కన పడేసి ఆ చెయ్యి వెనకాలే తిరిగాను. అది చీపురు పట్టింది. బకెట్టు ఎత్తింది. పిండి కలిపేటప్పుడు పళ్లెం పట్టుకుంది. తడి దుప్పటి రెండో కొస నన్ను పట్టుకోమంటే పట్టుకున్నాను. ఆ కొస నుంచి ఆ చెయ్యి ఎంత జోరుగా మెలి తిప్పిందంటే నా కొస జారిపోయింది. కొబ్బరి తురిమింది, కుక్కరు దించింది, దోమతెర దులిపింది. మధ్యలో నా కాఫీ గ్లాసు తెచ్చి వ్యాసం పక్కన పెట్టింది. ఎవరూ ఊపకుండానే నీలం డయలు మీద సెకన్ల ముల్లు హాయిగా పరుగెడుతోంది.

"అలా వెంటపడకపోతే ఆ బీరకాయలు చెక్కు తీయొచ్చు కదండీ" అంది.

నాకు నవ్వు ఆగలేదు. వంటింటి గడప మీద కూర్చుని నవ్వాను. తాడేపల్లిగూడెంలో ఇంకొకరి మీద రుజువు చేసిన సిద్ధాంతం ఇంటికొచ్చి నా మీద రుజువైంది. ఇంత శుభ్రమైన ప్రయోగం నా జీవితంలో చూడలేదు. శని లేదు, స్వామి లేడు, నూనె ఎండలేదు. ఆ బరువు తిప్పడానికి ఒక చెయ్యి కావాలి, నాది అందుకు పనికిరాలేదు. రాసిన వ్యాసం చదివితే అదీ నవ్వు తెప్పించింది. చింపేసి బీరకాయలు అందుకున్నాను.

ఆదివారం ఇద్దరం కైకలూరు బస్సెక్కాం. రోడ్డుకి రెండు వైపులా నీళ్లే. చెరువుల్లో నీళ్లని చిలికే ఏరేటర్లు తెల్లగా నురగలు కక్కుతున్నాయి, గట్ల మీద కొంగలు వాటిని లెక్కచేయకుండా నిలబడ్డాయి. పంతులుగారి అరుగు మీద అప్పటికే నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు, నాస్తికుడి ఓటమి చూడటానికి. నాకు మైకు అక్కర్లేకపోయింది. జరిగింది జరిగినట్టు, కాగితాల మీద నా చెయ్యి పడి ఉన్న సంగతితో సహా చెప్పాను.

ఒకాయన తల పంకించాడు. "అయితే మీ ఆవిడగారికి భక్తి ఉందన్నమాటండీ."

"భక్తి లేదండీ. అంట్లున్నాయి" అంది నా భార్య.

లోపల్నుంచి పెద్ద నవ్వు వినిపించింది. పంతులుగారి భార్య పెసరట్ల పళ్లేలతో బయటికి వచ్చి, "ఏవండీ, ఆ వాచీ నా చేతికిచ్చుంటే ఏడాదంతా ఆగకుండా నడిచేది కదండీ. పోయి పోయి భీమవరం పట్టుకెళ్లారు" అంది. ఆయన తన పెసరట్టు మీంచి చూపు తిప్పలేదు.

తిన్నాక ఆయన నా కీ వాచీ విప్పి అరచేతిలో పెట్టుకుని నా ముందు చాపాడు. "నిజం చెప్పాలంటే ఇది మీకే ఉండాలండీ. ఆగిపోయేదిచ్చి ఆగనిది పుచ్చుకోవడం న్యాయం కాదు."

నా చెయ్యి ముందుకు వెళ్లిన మాట నిజం. నాలాంటివాడికి సరిగ్గా సరిపోయే వాచీ అది. పొద్దున్న పది తిప్పులు తిప్పితే రోజంతా నన్ను ఏమీ అడగదు. కానీ ఆయనకి వచ్చే గురువారం ఒక పెళ్లి, శుక్రవారం రెండు. ఆయన కూడు ఆ ముల్లు మీద ఉంది. పైగా నీలం వాచీ తిరిగిచ్చి నా వాచీ తెచ్చుకుంటే, నేను కనిపెట్టిన నిజాన్ని అక్కడే అరుగు మీద వదిలేసి వెళ్లినట్టు.

"బేరం ఖాయం పంతులుగారూ. మీరే ఉంచుకోండి. నీలం వాచీ మా ఆవిడ పెట్టుకుంటుంది."

"నాకెందుకండీ?" అంది నా భార్య. "బళ్లో గంట ఉంది, ఇంట్లో కుక్కరు విజిలుంది." మోచేతి దగ్గర నుంచి వాచీ కిందికి జార్చి, విప్పి, నా ఎడమ చేతికి పెట్టి బెల్టు తనే బిగించింది. "మీకు కావాలన్నారు కదా. ఆగకుండా చూసుకోండి."

అరుగు మీద పెద్దమనుషులు ఎంత సంతోషించారంటే, ఎవరు గెలిచారో అడగడం కూడా మరిచిపోయారు.

ఇప్పుడది నా చేతికి నడుస్తోంది. మొదట్లో దుప్పట్లు పిండితే మోచేతులు పీకేవి. కొబ్బరి తురుములో చిప్ప ముక్కలు పడేవి. "గిన్నెలకి జిడ్డు వదల్లేదండీ, వాచీ మాత్రం బాగా నడుస్తోంది" అని ఆవిడ వెక్కిరించేది. ఈ మధ్య జిడ్డు కూడా వదులుతోంది. మేమిద్దరం కలిసి దుప్పటి మెలి తిప్పుతుంటే నీళ్లు ధారలు కడతాయి, ఎవరి కొస జారుతుందోనని పందెం. ఇంత కాలం ఈ సరదా ఆవిడ ఒక్కతే ఎలా దాచుకుందా అంటే, "సరదా అని మీరొచ్చాకే తెలిసిందండీ" అంది.

మీకు ఆటోమేటిక్ వాచీ లేకపోయినా ఫర్వాలేదు. వంటింట్లోంచి చప్పుడు వినిపిస్తోందా? ఈ పుస్తకం బోర్లా పెట్టి లేవండి. వెళ్లి ఆ చేతిలో ఉన్నది అందుకోండి. ఏం సాయం చెయ్యమంటావని అడుగుతూ గడప దగ్గర నిలబడకండి. అక్కడ ఏం మిగిలి ఉందో కళ్లకే కనిపిస్తుంది. మొదలుపెట్టండి.