ఎత్తు అంటే ఏమెత్తాలి?

మొన్న గడ్డం బ్లేడ్ల కోసం ఫోరస్ రోడ్డులో దుకాణం ముందు నిలబడి ఉంటే, లోపలి స్పీకరులోంచి మా అమ్మ పాట వినబడింది. ఆమె పోయి ఎన్నో ఏళ్లయింది, ఆ పాట ఏనాడూ ఏ రేడియోలోనూ రాలేదు, అయినా గుండెలు అదిరే ఆ మోత మధ్యలో "ఎత్తు... ఎత్తూ..." అన్న పలుకు, రెండోసారి సాగదీయడంతో సహా, అచ్చం ఆమెదే. ఆ వెనకే గ్లాసులు ఎత్తమని హిందీలో కేకలు వచ్చాయి. ఈ గల్లీ పిల్లదే, మొదటి ఆల్బమ్, పెళ్లిళ్లలో అంతా ఇదే మోగుతోందని దుకాణదారు గొప్పగా చెప్పాడు. ఆ పిల్ల మా అన్న మనవరాలని అతనికి తెలియదు. నాకు ఒళ్లు మండిపోయి, బ్లేడ్లు తీసుకోకుండానే వచ్చేశాను.

చాల్ అనే వరస గదుల ఇళ్లలో పెరిగిన నా ఈడువాళ్లకు ఆ పాట సంగతి చెప్పక్కర్లేదు గానీ, మిగిలినవాళ్ల కోసం చెబుతాను. కామాఠి అంటే కట్టుబడి కూలీ, పాలమూరు వైపు నుంచి వచ్చి ముంబై నగరానికి మేడలు కట్టిన మన పెద్దవాళ్ల పేరే ఈ కామాఠిపురాకు వచ్చింది. బడి లేని రోజుల్లో అమ్మ నన్ను పని దగ్గరికి తీసుకుపోయి ఇసుక కుప్ప మీద కూర్చోబెట్టేది. స్లాబు వేసే రోజు కలిపిన కాంక్రీటు గట్టిపడకముందే పైకి చేరాలి కనుక ఆడవాళ్లు నెత్తిన తట్టలతో వెదురు బాట మీద ఎక్కుతూ దిగుతూనే ఉండేవారు, దాదర్‌లో ఒక మేడకైతే పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళ దాకా ఎక్కారు. నిండు తట్టను ఎవరికి వారు నెత్తికెత్తుకోలేరు, ఎదుట ఇంకొకరు వంగి చేయి వేయాలి. అందుకే "ఎత్తు" అని అమ్మ పాడితే ఎదుటి ఆమె ఎత్తేది, మధ్య మధ్య ముకద్దం అనే కూలీల మేస్త్రీ నడకనూ మీసాన్నీ వెక్కిరిస్తూ నలుగురూ చరణాలు కలిపేవారు. ఆ పాటలో తట్ట అన్న మాటే ఉండదు. కళ్లెదుట కనబడుతున్న బరువుకు పేరు పెట్టి పిలవాల్సిన పని వాళ్లకు లేదు.

పెద్దయ్యాక బట్టల దుకాణాల్లో గుమాస్తా పని కోసం తిరిగేటప్పుడు చిరునామా అడిగేవారు. సందుల్లో వేశ్యాగృహాలున్న పేట కనుక, కామాఠిపురా అనగానే ఎదుటివాడి మూతి మీద ఒక వెకిలి నవ్వు పుట్టేది. నా స్నేహితులు కొందరు ముంబై సెంట్రల్ అని చెప్పి తప్పించుకునేవారు. మా నాన్న మాత్రం, తాపీ పట్టిన చేయి నా భుజం మీద వేసి, పూర్తి పేరు చెప్పు, మన పేరే అది అనేవాడు. చెప్పాను, రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాను, మూడో చోట దొరికింది.

ఇప్పుడు ఆ వెకిలి నవ్వునే ఈ పిల్ల ఆల్బమ్ అట్టమీద అచ్చు వేయించింది. ఎర్రదీపం, దాని కింద చేతులు కట్టుకుని తను. వంటింటి కత్తి తప్ప ఇంకో కత్తి చూడని పిల్ల పాటల్లో కత్తులు, బూతులు. డబ్బు పెట్టిన కంపెనీవాళ్లు పెళ్లిళ్లలో ఎగరడానికి ఒక పాట కావాలన్నారట, అసలైన గల్లీ పిల్ల అని జనం నమ్మడానికి ఎర్రదీపం కావాలన్నారట. రెండూ అడిగినవాళ్లు ఒక్కరే! ఫాక్‌లాండ్ రోడ్డు గుమ్మాల్లో నిలబడిన ఆడవాళ్లను వాళ్ల దీపం వాడుకోవచ్చా అని ఎవరైనా అడిగారా? మా అమ్మ పాటకు గ్లాసు తగిలించేముందు ఇంట్లో ఎవరినైనా అడిగారా?

మా చాల్‌లోనే ఉన్న అన్న ఇంటికి పోయి నిలదీశాను. పిల్ల తల వంచుకుంది.

"తాతా, నానమ్మ నన్ను పండబెట్టేటప్పుడు పాడేది, నాకు ఎత్తు ఒక్కటే యాదుంది. ఎత్తు అంటే ఉఠావ్ అని చెప్పిన. క్యా ఉఠానా అని ఆళ్లు అడిగిన్రు. నాకేం మాలూమ్? గ్లాస్ రాస్తం అన్నరు, సరే అన్న."

తెలుగు సరిగ్గా రాని పిల్ల, నిజమే. అడగడానికి నోరు లేదా అని అరిచాను.

ఆదివారం సాయంత్రం మా చాల్ ముంగిట్లో చిన్న స్టేజీ వేసి ఆమె చేత పాడించారు. కోపం ఉన్నా వదిన కోసం వెళ్లాను, ఆ పిల్లకు నానమ్మ, మా అమ్మతో పాటు తట్టలు మోసిన మనిషి. ఇప్పుడు వినికిడి తగ్గింది, మనుషుల పేర్లు మరిచిపోతోంది. "ఎత్తు" దగ్గరికి రాగానే పిల్లలంతా గ్లాసులు పట్టినట్టు చేతులు పైకెత్తి ఎగిరారు. వదిన కుర్చీలోంచి లేచింది. నడుము వంచి, రెండు అరచేతులూ కిందికి చాచి, బరువైనదేదో పట్టి, ఎదుటి మనిషి నెత్తికి అందించినట్టు మెల్లగా పైకెత్తింది. ఎదుట ఎవరూ లేరు. అక్కడే కాసేపు చేతులు నిలిపి ఉంచింది, అవతలి మనిషి అందుకునేదాకా వదలకూడదు కదా.

స్టేజీ మీద పాట ఆగిపోయింది. పిల్ల కిందికి దిగి వచ్చి నానమ్మ చేతులు పట్టుకుని, ఏంటిదని నన్ను అడిగింది. చెప్పాను.

"ఇగ మార్చనీకి రాదు తాతా. అందరి ఫోన్లల్లకు పోయింది," అంది.

నా కోపం తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనుకోను. మా కిటికీ ఎదుట ఇప్పుడు ఒక టవరు లేస్తోంది, కాంక్రీటు గొట్టంలోంచి తనంతట తనే పైకి పోతుంది, కింద ఆడవాళ్లు లేరు, పాట లేదు. సాయంత్రాలు వదిన మా ఇంటికి వచ్చి ఆ కిటికీ దగ్గర కూర్చుంటుంది. కింది దుకాణంలో ఆ పాట మోగినప్పుడల్లా లేచి, వంగి, చేతులు చాస్తుంది. నేను వెళ్లి ఎదురుగా తల వంచి నిలబడతాను.