మైకులో వచ్చిన మాట

మిరప కోతల కాలంలో ఆ ఊళ్ళో గాలి కూడా ఎర్రగా వీస్తుంది. కల్లాల్లో ఆరబోసిన కాయల మీదుగా వచ్చి, బడి కిటికీల్లోంచి దూరి, పాఠం మధ్యలో ఎవరో ఒకరి చేత తుమ్మిస్తుంది. పర్చూరు అవతల, కాలువ కట్ట పక్కనున్న ఆ హైస్కూల్లో సంతోషకుమారి సోషల్ టీచరు. ఎవరు తుమ్మినా ఆమె పాఠం ఆపదు. "ఆ తుమ్ము నిజం. మిగతావన్నీ విచారిద్దాం" అంటుంది. పిల్లలు నవ్వుతారు.

శనివారం చివరి పీరియడ్‌లో ఆమె పుస్తకాలు మూయిస్తుంది. పాఠాల్లో ఓటు ఉంది, హక్కులున్నాయి, పంచాయతీ ఉంది. ఇళ్ళల్లో పొద్దస్తమానం మోగే ఫోను మాత్రం లేదు. అందుకని ఆ వారం ఎవరింటికి ఫోన్‌లో ఏ వింత వచ్చిందో చెప్పమంటుంది. మూడు రోజులు సూర్యుడు రాడంట టీచర్, అంటాడొకడు. ఫలానా ఆకు నమిలితే కళ్ళజోడు తీసేయొచ్చంట, అంటుంది ఇంకొకమ్మాయి. ఆమె అన్నిటికీ ఒకే ప్రశ్న వేస్తుంది.

"ఎవరు చూశారు?"

మా పిన్ని చెప్పింది టీచర్. పిన్ని చూసిందా? లేదు, పిన్నికి వాళ్ళ తోడికోడలు పంపింది. ఆవిడ చూసిందా? అలా వెనక్కి నడుచుకుంటూ పోతే, ఎండిన వాగులో దారి తప్పిపోయినట్టు, ఎక్కడో ఒకచోట చెప్పిన మనుషులు కనబడకుండా పోతారు. మాట ఒక్కటే మిగులుతుంది, తల్లీ తండ్రీ లేకుండా.

పిల్లలు దానికి 'ఎవరు చూశారు పీరియడ్' అని పేరు పెట్టుకున్నారు. దానివల్ల ఇళ్ళల్లో కొన్ని మొట్టికాయలు కూడా పడ్డాయి. గుడి పూజారి రామమూర్తి గారి మనవరాలు వేదశ్రీ ఒకరోజు నిలబడి, "మా తాతగారు ఏదో చెబుతుంటే ఎవరు చూశారు తాతయ్యా అన్నాను టీచర్. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది.

సంతోషకుమారి ఆ ఊరి పిల్లే. ఊరికి ఎడంగా ఉన్న పల్లెలో, చర్చి వెనక వీధిలో పుట్టింది. తల్లిదండ్రులు మిరప కోతలకు పోతుంటే వాళ్ళ వెంట చేలగట్ల మీద పెరిగింది. మిషను హాస్టల్లో చదివి, టీచరుద్యోగం తెచ్చుకుని, తిరిగి తిరిగి సొంత ఊరి బడికే వచ్చింది. తండ్రి జక్రయ్య ఇప్పుడు కూలికి పోవడం లేదు. చర్చి చూసుకుంటాడు. పొద్దున గంట కొడతాడు, ఆదివారం చాపలు పరుస్తాడు, గోపురం మీది మైకుకు తాళం ఆయన దగ్గరే ఉంటుంది.

ఆ మైకు చర్చిదే గానీ, మాట ఊరిది. ఎవరు చనిపోయినా, రేషన్ బండి వచ్చినా, కాలువకు నీళ్ళు వదిలినా, పశువుల డాక్టరు వచ్చినా జక్రయ్య గొంతులోనే ఊరికి తెలుస్తుంది. ఇన్నేళ్ళలో ఆయన గొంతు ఒక్కసారీ తప్పు చెప్పలేదు. పెద్ద వీధిలో వాళ్ళు కూడా "జక్రయ్య చెప్పాడా? అయితే సరే" అని చెప్పుల్లో కాళ్ళు పెడతారు.

ఆ రోజు సాయంత్రం పదో తరగతికి అదనపు క్లాసు జరుగుతోంది. ఎండ తగ్గి, నల్లరేగడి మీద నీడలు పొడుగ్గా పడుకున్నాయి. మైకు గరగరమంది. పిల్లలు అలవాటుగా తలలెత్తారు.

"ఊరి ప్రజలందరికీ మనవి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా మనూళ్ళో దిగింది. మొహానికి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి ఒక బిడ్డని చేతులు కట్టేసి కాలువ దిక్కు తీసుకుపోతంది. పిల్లల్ని లోపలే ఉంచుకోండి. మగోళ్ళు కల్లాల కాడికి రండి."

తన తండ్రి గొంతు. సంతోషకుమారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

బెంచీలు కిర్రుమన్నాయి. మగపిల్లలు అప్పటికే లేచి నిలబడ్డారు.

"కూర్చోండి. ఎవరు చూశారు?"

ఎవరూ కూర్చోలేదు. వేదశ్రీ తెల్లబోయి చూస్తూ అంది. "టీచర్, ఫోన్‌లో వస్తే అడగమన్నారు. ఇది మైకు కదా!"

ఏడాదంతా ఆమె ఒక కిటికీ దగ్గర కాపలా కాసింది. దొంగ వీధి తలుపులోంచి, తన తండ్రి గొంతుతో, అందరి నమస్కారాలూ అందుకుంటూ లోపలికి వచ్చాడు.

ఫోన్ తీసింది. ఊరి గ్రూపులో వీడియో ఉంది. పంపింది కోటేష్. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసిన కుర్రవాడు. బండి మీద పోతూ దూరం నుంచి తీసినట్టున్నాడు. ముక్కూ నోరూ కనబడకుండా గుడ్డ చుట్టుకున్న ఒక మనిషి, చంకలో ఏడుస్తున్న పాపతో, కాలువ వైపు పరుగెడుతోంది. పాప రెండు చేతులకూ గుడ్డ ముడులు. వీడియో కింద ఎవరిదో కొత్త గొంతు, ఎక్కడిదో ఏ ఊరిదో, పిల్లల ముఠాలు దిగాయి జాగ్రత్త అని అరుస్తోంది. ఆ పాత ఆడియోను గ్రూపులో ఇంకెవరో ఈ వీడియో కింద తగిలించారు.

ఆమె రెండోసారి చూసింది. పాప చేతుల దగ్గర ఆపింది. ముడి మణికట్టు దగ్గర లేదు. వేళ్ళన్నీ లోపలికి పోయేలా, మూటలా ఉంది.

ఆ మూట ఆమెకు తెలుసు. ఆ చీకటి, లోపలి చెమట, విప్పమని ఏడ్చిన ఏడుపు తెలుసు. కోతకు పోయే తల్లులు చంటిపిల్లల చేతులు అలా మూట కడతారు, కారం అంటిన వేళ్ళతో కళ్ళు నులుముకోకుండా. ఇప్పుడు ఊళ్ళో ఎవరి పిల్లలూ కల్లాల్లో పెరగడం లేదు గనక ఊరు ఆ సంగతి మరిచిపోయింది. కనిగిరి మెట్ట నుంచి కోతలకు వచ్చి, కల్లాల పక్కన టార్పాలిన్ పట్టాల గుడిసెల్లో ఉండేవాళ్ళు మాత్రం మరిచిపోలేదు. మొహానికి గుడ్డ లేకుండా ఆ ఘాటులో ఎవరుంటారు? నీళ్ళ కోసం కాక ఏడ్చే బిడ్డతో కాలువకు ఎందుకు పరుగెడతారు?

"మీరెవరూ గది దాటొద్దు. వేదశ్రీ, తలుపేసుకోండి."

గేటు బయట దారి రెండుగా చీలింది. ఎడమకు పోతే కల్లాలు. అటు బళ్ళు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఒకడి చేతిలో పార ఉంది. కుడికి పోతే చర్చి. కల్లం దగ్గరికి పోయి అడ్డం నిలబడితే? ఒక్క ఆడమనిషి గొంతు, అంతమంది మగవాళ్ళ మధ్య. ఎవరికి వినబడుతుంది? వాళ్ళను పంపిన గొంతే వాళ్ళను ఆపాలి. అటు ఒక ప్రాణాన్ని వదిలి ఇటు పరుగెత్తడం ఎంత కష్టమో కాళ్ళకు తెలిసింది. ఆమె కుడివైపు పరుగెత్తింది.

జక్రయ్య చర్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, బాధ్యత తీరిన మనిషిలా.

"నాన్నా, నువ్వు చూశావా?"

"ఏంది?"

"వీడియో. నువ్వు చూశావా?"

"నా కళ్ళకి ఆ ఫోన్లేం కనపడతయ్యే? కోటేషు వచ్చి చెప్పాడు. వాడి కూతురు ఇంకా బడి నుంచి రాలేదంట. ఏడుస్తన్నాడు. బిడ్డ చేతులు కట్టేసింది, నేను చూశా జక్రయ్యా అన్నాడు. ఇంకా ఆగమంటావా?"

"కోటేష్ కూతురు మా పక్కనే ఎలిమెంటరీ బడి వరండాలో ఆడుకుంటోంది. ఇందాకే చూశాను. ఇది చూడు."

ఆయన కళ్ళజోడు సర్దుకుని ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. పాప పరుగులో ఊగింది. చేతి మూటలు రెండూ గాల్లో కొట్టుకున్నాయి. జక్రయ్య చెయ్యి నెమ్మదిగా భుజం మీది తువ్వాలు వైపు పోయింది. అలాంటి తువ్వాలు చింపే ఆయన కూతురి చేతులకు కట్టేవాడు.

"దేవుడా" అన్నాడు. "కారానికి కట్టిందే."

"లే నాన్నా. మైకు పెట్టు."

ఆయన లేవలేదు. "ఏమని చెప్పేదే? తప్పు చెప్పానని మైకులోనే చెప్తే రేపట్నుంచి ఈ మైకు మాట ఎవడు నమ్ముతాడు? పెద్ద వీధోళ్ళు నా మాటకి లేచొస్తన్నారంటే, అదెన్నేళ్ళకి వచ్చిందో నీకు తెలవదా?"

తెలుసు. పల్లెలో ఒక మనిషి మాటకు ఊరంతా చెవి ఇవ్వడమంటే ఏమిటో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? కల్లాల వైపు నుంచి కేకలు వినిపిస్తున్నాయి. మాటలు తెలియడం లేదు. గాలిలో ఒట్టి కోపం వస్తోంది.

"రేపు నమ్మకపోతే మానె. ఇవాళ ఆమె చచ్చిపోతుంది నాన్నా. నీ మాట మీద చచ్చిపోతుంది."

జక్రయ్య లేచాడు. మైకు తాళం తీయబోయాడు. సంతోషకుమారి ఆగలేదు, కల్లాల వైపు పరుగెత్తింది. చేల మధ్య సగం దారిలో ఉండగా తలమీద ఆకాశం గరగరమంది.

"నేను జక్రయ్యని. ఇందాక నేను చెప్పింది తప్పు. నేను చూడలా. ఎవరో చెప్తే చెప్పా. ఆ బిడ్డ ఆమె బిడ్డే. కారం అంటకుండా చేతులు మూట కట్టింది. మా పిల్లకి నేనూ కట్టేవాణ్ణి. ఎవరూ చెయ్యి చేసుకోమాకండి. నేను చూడలా. నేను చూడకుండా చెప్పా."

ఆ గొంతు మళ్ళీ మళ్ళీ అదే చెబుతోంది. ముందు ఒకరిద్దరు ఆగారు. పార పట్టుకున్నవాడు దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు భుజం మార్చుకున్నాడు.

కల్లంలో ఎర్రటి కాయల మీద మనుషుల పాదాలు పడి గింజలు చిట్లాయి. ఘాటుకు అందరూ దగ్గుతున్నారు. మధ్యలో ఆ వీడియోలోని తల్లి, సర్దార్‌బీ. మొహం మీది గుడ్డ ఎవరో లాగేశారు. జాకెట్టు భుజం దగ్గర చిరిగింది. పెదవి పగిలి రక్తం కారుతోంది. కోటేష్ ఆమె రెక్క పట్టుకునే ఉన్నాడు. పట్టు మాత్రం వదులైపోయింది.

పాప ఆమె దగ్గర లేదు. ఎవరో ఒకాయన ఎత్తుకున్నాడు. కాపాడుతున్నానని, చేతులకున్న మూటలు విప్పేశాడు. పాప ఆ వేళ్ళతోనే కళ్ళు నులుముకుంది. ఇప్పుడా ఏడుపు ఏడుపులా లేదు.

"కట్టండయ్యా! చేతులు కట్టండి నాయనా! నన్ను సంపితే సంపండి, దాని చేతులు కట్టండి!" అని అరుస్తోంది సర్దార్‌బీ.

అంతమంది నిలబడి ఆ మాట విన్నారు.

సంతోషకుమారి పాపను లాక్కుంది. కాలువ దాకా పోవడానికి ఎవరూ దారికి అడ్డం రాలేదు. నీళ్ళు తీసి కళ్ళ మీద పోస్తూనే ఉంది. కొంగు తడిపి చింపి, వేళ్ళు లోపలికి మడిచి, మూట కట్టింది. ఎలా కట్టాలో ఆమె చేతులకు తెలుసు. సర్దార్‌బీ వెనకే పరుగెత్తుకొచ్చి, పక్కన కూలబడి, పాపను ఒళ్ళోకి తీసుకుంది. ఎవరో చెంబుతో మజ్జిగ తెచ్చారు, పెదవి మీది కారం మంటకు రాయమని. తల తిప్పి చూస్తే కోటేష్.

"టీచరమ్మా, చేతులు కట్టేసుంటే ఎవరైనా ఏమనుకుంటారు?" అన్నాడు. "నా కూతురు కనపళ్ళేదు. నా కళ్ళతో చూశాననుకున్నా."

"చూశావు. ఆగి ఆమెనొక మాట అడగలేదు."

అతను చెంబు కింద పెట్టి, అక్కడే గట్టు మీద కూర్చున్నాడు.

చీకటి పడకముందే కోత కూలీల ముఠా మూటలు సర్దుకోవడం మొదలుపెట్టింది. ట్రాక్టరు మాట్లాడమని వాళ్ళ మేస్త్రీ ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. సంతోషకుమారి సర్దార్‌బీ గుడిసె ముందు నిలబడింది. ఉండమని అడగడానికి ముఖం చెల్లలేదు. అయినా అడిగింది.

"ఉండి ఏం జెయ్యమంటావమ్మా?" అంది సర్దార్‌బీ, పాప కనురెప్పల మీద తడిగుడ్డ పెడుతూ. "మీ నాయన తప్పయిందన్న్యాడు, ఇన్న్యాను. మంచిదే. అయితే ముఠా అని జెప్పినప్పుడు నాకు పేరు ల్యా. తప్పని జెప్పినప్పుడూ ల్యా. రేపు చేలోకి పోతే నన్ను జూసి ఏమనుకుంటారు? నిన్న మైకులో వచ్చిన ఆడది అనుకుంటారు. అంతే గదా?"

సర్దార్‌బీ గుడ్డ మళ్ళీ నీళ్ళలో ముంచి పిండింది.

"పేరు జెప్పమను. నాది, నా బిడ్డది. అప్పుడు జూస్తా."

ఆ మాట పట్టుకుని ఆమె ఇంటికి వచ్చి తండ్రికి చెప్పింది. జక్రయ్య అన్నం ముందు కూర్చుని, తినకుండా అంతా విన్నాడు. తెల్లవారాక గంట కొట్టి, మైకు తాళం తీయకుండా, చెప్పులేసుకుని కల్లాల వైపు నడిచాడు. దారిలో అరుగుల మీదివాళ్ళు పలకరించలేదు. ఒకడు మాత్రం, "ఏం జక్రయ్యా, ఇవాళేం ముఠా?" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. ఆయన తల ఎత్తలేదు.

ట్రాక్టరు వచ్చి ఉంది. ఇంజను ఆగకుండా కొట్టుకుంటోంది. సగం మూటలు ఎక్కించారు. జక్రయ్య సర్దార్‌బీ ముందు నిలబడి చేతులు జోడించాడు. ఆమె అక్కర్లేదనలేదు. ఆయన ఆమె మొహం చూశాడు, పగిలిన పెదవి చూశాడు. వంగి పాప మొహం చూశాడు. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి గానీ తెరుచుకున్నాయి. పాప తన మూట చేత్తో ఆయన ముక్కు మీద ఒకటి వేసింది. పేర్లడిగి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళాడు.

బడిలో ప్రార్థనకు పిల్లలు వరసల్లో నిలబడి ఉన్నారు. సంతోషకుమారి వాళ్ళ ముందు నిలబడి, కల్లాల వైపు చెవి పెట్టి, ట్రాక్టరు చప్పుడు కదులుతుందా అని వింటోంది. మైకు గరగరమంది. వరసల్లోంచి ఎవరో గుసగుసగా, "ఎవరు చూశారు?" అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఊరి ప్రజలకు మనవి. మన కల్లాల కాడున్నామె పేరు సర్దార్‌బీ. కనిగిరి దిక్కు నుంచి వచ్చింది. మన కాయ కోస్తంది. పాప పేరు సమీరా. ఆ పాప ఈమె బిడ్డ. ఇప్పుడే పోయి, ఇద్దర్నీ నా కళ్ళతో చూసొచ్చా. నేను చూశా."

మైకు ఆగింది. గాలి ఇటు తిరిగింది. పిల్లల్లో ఒకడు తుమ్మాడు. చేల అవతల ట్రాక్టరు ఇంజను ఉన్నచోటే ఇంకాసేపు కొట్టుకుని, ఆగిపోయింది.