నడుమ మిగిలిన ఒక్క జత

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. గద్వాలలో గుంట మగ్గంలో కాళ్ళు పెట్టుకుని పొద్దంతా కూర్చునే నేతపనివాళ్ళం మేము. చచ్చిపోయినవాళ్ళను చూసి భయపడే తీరిక మాకుండదు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే "గాలి కాదు, గ్యాసు. జర వాము తినుమను" అని నవ్వేదాన్ని. నాకు నోరెక్కువ, కోపం ఇంకా ఎక్కువ. జరిగినదంతా ఆ కోపంతోనే మొదలైంది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

పెళ్ళై వచ్చిన నాటి నుంచి నాకు పని నేర్పింది మా అత్తమ్మ. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు. ఇన్నేళ్ళు గద్వాలలో ఉన్నా మాటల్లో కన్నడం దొర్లేది, చాలు అనడానికి "సాకు" అనేది. ఆమెది ఎడమచేతి వాటం.

మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయాక పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాలి. వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, రెండు కొసలు కలిపి మెలిపెట్టాలి. బూడిద లేకపోతే పోగు జారిపోతుంది. మా ఇంట్లో ఈ పని ఇద్దరం కూర్చుని చేసేవాళ్ళం. అత్తమ్మ ఎడమ చివర నుంచి, నేను కుడి చివర నుంచి మొదలుపెట్టి నడుమకు వచ్చేవాళ్ళం. దీనికి ఆమె ఒక పద్ధతి పెట్టింది. ముందు నడుమకు చేరినవాళ్ళు ఆఖరి జత అతకకూడదు. రెండోవాళ్ళు వచ్చేదాకా ఆగి, వాళ్ళ చేతే అతికించాలి. ఎందుకని అడిగితే "ఎనకొచ్చినోళ్ళు చిన్నబోవద్దు బిడ్డా" అనేది. ఎప్పుడూ వెనకొచ్చేది నేనే. ఆ జత నేను మెలిపెట్టగానే "సాకు" అని లేచి, చాయ్ పెట్టడానికి పోయేది.

చివరి రోజుల్లో ఆమె చూపు తగ్గింది. ఆమె అతికిన పోగులు మగ్గం మీద తెగడం మొదలైంది. ఒక పెళ్ళిచీర నేస్తుంటే అలాగే నాలుగైదు చోట్ల తెగి, ముడులు పడి, చీర చెడింది. మరుసటి పడుగుకు ఆమె ఎప్పటిలాగే కొబ్బరిచిప్పలో బూడిద పోసుకుని వచ్చి తన చోట కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది.

"నీ చెయ్యి తగిలితే పోగు నిలుస్తలేదు అత్తమ్మా. నాకొద్దు నీ చెయ్యి" అన్నాను.

 ఆమె లేచి పోలేదు. బూడిద అద్దుకున్న వేళ్ళతో అట్లాగే కూర్చుంది. నేను కుడి నుంచి మొదలుపెట్టి, నడుమ దాటి, ఆమె ఎదురుగానే ఎడమ చివర దాకా అన్నీ నేనే అతికాను. పొద్దుగూకేదాకా పట్టింది. ఆఖరి జత కూడా నేనే మెలిపెట్టి దులుపుకుని లేచాను. తెల్లారేసరికి ఆమె ఎడమచెయ్యి, ఎడమకాలు పడిపోయాయి. నోరు కూడా వంకర పోయింది. కర్నూలు దవాఖానకు తీసుకుపోయాం. నెల తిరక్కుండానే పోయింది. నేను అన్న మాటకు క్షమించమని అడిగే ధైర్యం ఆ నెలలో ఒక్కరోజు కూడా రాలేదు నాకు.

కర్మకాండలన్నీ అయ్యాక మగ్గం ఎక్కాను. అడ్డపోగు నేసే నాడె బాగానే విసిరాను. పడుగు అతకబోతే మాత్రం కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారిపోయాయి. రొట్టెలు కొట్టగలను, బట్టలు పిండగలను, పోగు మాత్రం పట్టలేను. డాక్టరు అన్నీ చూసి చేతిలో ఏమీ లేదన్నాడు. ఎనిమిది నెలలు అట్లాగే గడిచాయి. పడుగు అయిపోయినప్పుడల్లా మా ఆయన పక్క వీధి నుంచి ఎవరినో బతిమాలి తెచ్చేవాడు. నేను నేతకత్తెను. ఆ రెండు వేళ్ళు పోతే నాకిక ఏం మిగిలినట్టు?

అప్పుడు వనపర్తిలో టీచరు పని చేసే మా వదిన వచ్చింది. ఆమె మా అత్తమ్మ చెల్లెలి కూతురు. అచ్చంపేట అవతల వారం రోజుల యోగా, ధ్యానం శిబిరం జరుగుతుందని, తను పోతున్నానని, నన్నూ రమ్మని పట్టుబట్టింది. వారమంతా మౌనం అనగానే మా ఆయన పగలబడి నవ్వాడు.

"ఈమెనా? వారం దినాలు నోరు మూసుకుంటదా? గదే జరిగితే ఆ సార్లకు పోయి దండం పెడ్త."

ఇది రెండు వేల ఏడులోనో ఎనిమిదిలోనో జరిగింది. బయల్దేరే ముందురోజు మా మగ్గం మీద నేసిన ఒక నూలు తువ్వాల ఉతికి ఆరేశాను. దాని ఒక కొసన పోగులు కుచ్చులాగా వదులుగా వేలాడుతున్నాయి. రెండేసి పోగులు కలిపి మెలిపెడితే బాగుంటుందని కూర్చున్నాను కానీ వేళ్ళు సాగలేదు. ఒక్క జత కూడా కాలేదు. అట్లాగే మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

శిబిరం ఊరికి దూరంగా, రేకుల కప్పు వేసిన పెద్ద హాలులో. కిటికీలోంచి నల్లమల గుట్టలు కనిపిస్తాయి. మాట్లాడకూడదు, ఎవరి ముఖం చూడకూడదు, చదవకూడదు, చేతిపని ఏదీ చేయకూడదు. పొద్దున ఆసనాలు, తర్వాత పొద్దంతా కళ్ళు మూసుకుని ఊపిరిని చూడటమే. మొదటి రెండు రోజులు మోకాళ్ళను, వదినను, సార్లను మనసులోనే తిట్టుకున్నాను. నా చోటు వరస చివర. నాకు ఎడమ పక్కన గోడే. గోడకూ నాకూ మధ్య మూరెడు జాగా ఉంటే అక్కడ తువ్వాల పెట్టుకునేదాన్ని.

మూడోరోజు, ఎండ బాగా ఎక్కాక, ఆ మూరెడు జాగాలోంచి చప్పుడు వినిపించింది. టక్ టక్. కాసేపాగి మళ్ళీ టక్ టక్.

ఆ చప్పుడు నాకు తెలుసు. వేళ్ళకు ఎక్కువైన బూడిదను అత్తమ్మ కొబ్బరిచిప్ప అంచుకు రెండుసార్లు తట్టి రాల్చేది.

 కళ్ళు తెరవకూడదన్నది నియమం. నిజం చెప్పాలంటే నియమం కాదు, భయం. ఎడమ భుజం పక్కన ఎవరో ఆనీ ఆననట్టు కూర్చున్న వెచ్చదనం తెలుస్తోంది. గంట మోగాక తిరిగి చూస్తే గోడ, నేల, తువ్వాల. అంతే.

నాలుగోరోజు కూడా వినిపించింది. రోజుకొకసారి ధ్యానం నేర్పే సారుతో ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారు. ఆయన రిటైరైన పంతులు, నెమ్మది మనిషి. నేను చప్పుడు సంగతీ, అత్తమ్మ సంగతీ చెప్పేశాను. ఆయన దయ్యమని అనలేదు, భ్రమ అని కూడా అనలేదు.

"ఏదొచ్చినా చూడమ్మా. పిలవకు, తరమకు. ఊకె కూసో."

ఊరికే కూర్చోవడం నా జన్మలో చేసిన పని కాదు. ఎవరేమన్నా మాటకు మాట అప్పటికప్పుడు వడ్డించాల్సిందే. ఐదోరోజు మొదటిసారి అట్లా కూర్చున్నాను. టక్ టక్ వినిపిస్తుంటే ఆ రోజు మగ్గం దగ్గర ఆమె ముఖం ఎట్లా ఉందో గుర్తొచ్చింది. అప్పుడు నేను చూడనే లేదనుకున్నాను, కానీ చూశాను. బూడిద వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని, కొత్తగా పనిలో కుదిరిన పిల్లలాగా, ఎప్పుడు పిలుస్తానా అని నా చేతుల వైపే చూస్తూ కూర్చుంది. ఏడుపు ఆగలేదు. హాలులో అందరూ ఊపిరి చూసుకుంటుంటే నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఆరోరోజు చప్పుడు చాలా దగ్గరికొచ్చింది. కళ్ళు తెరిచి చూడాలని ప్రాణం కొట్టుకుంది. తెరవలేదు. ఆ నెలంతా నోట్లోనే ఉండిపోయిన మాట మనసులో అన్నాను. తప్పయింది అత్తమ్మా, నీ చెయ్యి నాకు కావాలె. చప్పుడు ఆగిపోయింది. ఏడోరోజు మొత్తం కూర్చున్నా మళ్ళీ వినిపించలేదు. అప్పుడు కలిగింది భయం కాదు, దిగులు.

మౌనం విడిచాక గదిలో సంచి సర్దుకుంటున్నాం. వదిన తువ్వాల అందుకుని మడవబోయి ఆగింది.

"చేతిపని చెయ్యొద్దన్నరు గద పిల్లా. గిదెప్పుడు చేసినవ్?"

తువ్వాల కుచ్చుపోగులు జతజతగా మెలిపడి ఉన్నాయి. ఎడమ చివర నుంచి మొదలై సరిగ్గా నడుమ దాకా వచ్చి ఆగాయి. కుడి సగం ముందటిలాగే వదులుగా ఉంది.

వదిన చదువుకుని టీచరైంది కానీ మగ్గాల ఇంట్లోనే పుట్టింది. కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూసింది. కుడిచేతి వాటం వాళ్ళు పెట్టే మెలి ఒక వైపు తిరుగుతుంది, ఎడమచేతి వాళ్ళది దానికి ఎదురు తిరుగుతుంది. బయటివాళ్ళకు తెలియదు గానీ మాకు చూడగానే తెలుస్తుంది.

"గిది పెద్దమ్మ చెయ్యి గదనే" అని తువ్వాల నా చేతిలో పెట్టింది.

గద్వాలకు వచ్చేదాకా బస్సులో ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. మౌనం ఎనిమిదోరోజు కూడా నడిచింది.

తర్వాత నాకు నేనే అన్ని రకాలుగా అడ్డుప్రశ్నలు వేసుకున్నాను. చప్పుడు బల్లిది కావచ్చు. ధ్యానంలో తెలియకుండా నేనే మెలిపెట్టి ఉండొచ్చు. కానీ నా ఎడమచేత్తో ఎన్నిసార్లు ప్రయత్నించినా పోగు జారిపోతుంది. వదిన ఆటపట్టించిందనుకుందామంటే ఆమెది కుడిచెయ్యి, కూర్చున్నది నాలుగు వరసల ముందు. ఆ మెలుల మీద బూడిద రంగు ఉంది. శిబిరంలో వంట గ్యాసు మీద. బూడిద ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెల్వదు. మా వీధిలో పెద్ద నేతగాళ్ళకు తువ్వాల చూపించి ఎవరి పనో చెప్పమంటే, ఇద్దరు మా అత్తమ్మ పేరే చెప్పారు. ఎప్పటిదని అడిగితే పాతదే అయ్యుంటుందన్నారు. 

శిబిరం నుంచి వచ్చిన మర్నాడు జరిగింది మాత్రం చెప్పి ఆపేస్తాను. మా ఆయన బజారుకు పోయాడు. అటక మీద నుంచి అత్తమ్మ కొబ్బరిచిప్ప దించి, పొయ్యిలో బూడిద తీసి పోశాను. తువ్వాలను మోకాళ్ళ మీద పరిచి కుడి చివర నుంచి మొదలుపెట్టాను. బొటనవేలు, చూపుడువేలు కలిశాయి. పోగు నిలిచింది. ఒక జత, ఇంకో జత, వేళ్ళు వాటంతటవే నడిచాయి. నడుమకు వచ్చేసరికి ఆమె మెలులకూ నా మెలులకూ మధ్య ఒక్క జత మిగిలి ఉంది.

ఆమె ముందే వచ్చి, ఆ జత ముట్టకుండా నాకోసం ఆగింది.

 బూడిద అద్దుకుని దాన్ని మెలిపెట్టాను. ఎడమ పక్కకు చెవి పెట్టి విన్నాను. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

"సాకు" అని నేనే అని, లేచి చాయ్ పెట్టాను. రెండు కప్పులు.