ఎక్స్‌రే గదిలో పిల్లను ఎవరు పట్టుకున్నారు

ఆ ఏడు మా ఇంట్లో పోయినవి మూడు. నా భార్య మూడో నెల కడుపు, మళ్లీ కాన్పు అవుతుందన్న ఆశ, ఆమె నాతో మాట్లాడే మాటల్లో సగం. మిగిలింది రెండేళ్ల కూతురు.

విత్తనానికి చెనక్కాయలు వలుస్తుంటే ఆ పిల్ల ఒక గింజ నోట్లో వేసుకుంది. అది ఊపిరి గొట్టంలోకి పోయింది. పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాం.

"పిల్ల కదుల్తాంది, ఎవరన్నా గట్టిగా పట్టుకోండప్పా" అన్నాడు ఎక్స్‌రే తీసే ఆయన.

పక్కనే మా నాయన ఉన్నాడు. పెద్దల ముందు మగవాడు తన బిడ్డను ఎత్తుకోవడం మా ఇళ్లలో లేదు. నేను కదల్లేదు. నెల తప్పిన సంగతి ఇంకా ఎవరికీ చెప్పని నా భార్య పిల్లను పొట్టకు అదుముకుని నిలబడింది. మూడుసార్లు తీశారు. గింజ ఏ పక్క అడ్డుపడిందో ఆ బొమ్మల్లోనే తెలిసింది, గొట్టం వేసి బయటికి తీశారు. అవి లేకుంటే పిల్ల దక్కేది కాదు.

పదమూడో రోజు కడుపు పోయింది.

"ఎక్స్‌రే వల్లనేనా సార్? ఆమె ఒంట్లోకి ఎంత పోయింటాది?" అని డాక్టరును అడిగాను.

"చెప్పలేమప్పా. ఊరికే కూడా పోతాంటాయి. పిల్ల బతికింది గదా, ఇంకా ఆ లెక్కలెందుకు?"

నా భార్య ఒక్కసారే అనింది: "మీ నాయన ముందర సిగ్గుపడితివే."

నేను పట్టుకుని ఉన్నా పిల్ల బతికేదే. అంతవరకు లెక్క తేలింది. ఆమె కడుపు మీద ఎంత పడిందన్న అంకె మాత్రం ఈనాటికీ నాకు ఎవరూ చెప్పలేదు.