వేలెడంత ఆకాశం

మా అత్తమ్మ ఈమధ్యే ఒక తెల్లవారుజామున నిద్రలోనే చనిపోయారు. మెదక్‌లో ఆమెను చాలామంది డ్రాయింగ్ టీచరుగానే ఎరుగుదురు. మీలో కొందరు ఆమె దగ్గర చదువుకునే ఉంటారు. నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకు చాపలు పరిచాను, నీళ్ళు ఇచ్చాను. పక్కింటి అక్క నా చెవిలో, "ఏందే, కండ్లల్ల చుక్క నీళ్ళు లేవు? మంది జూస్తుండ్రు" అంది. చూస్తున్నారని తెలుసు. అయినా రాలేదు.

నేను ఆరో తరగతితో బడి మానేశాను. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో నా గొంతు నాకే వినిపించేది కాదు. అత్తమ్మకు కుడిచేయి వణకడం మొదలయ్యాక, ఒకరోజు నన్ను వంటింట్లోంచి పిలిచి చేతిలో కుంచె పెట్టారు.

"నాకు రాదు అత్తమ్మా."

"రొట్టెలు చేస్తవు గదా, గా చెయ్యే ఇది. దా."

సముద్రం వేయాలన్నారు. ఆమె చూసింది ఒక్కసారే, టీచర్లందరూ విశాఖపట్నం పోయినప్పుడు. నేను చూడనే లేదు. "అచ్చం సముద్రం లెక్క ఉండాల్నని లేదు. కొంచెం సముద్రమైతె చాలు. పడవలు, పిట్టలు పెడితె క్యాలెండరైతది" అనేవారు. అలలకు బదులు అడ్డంగా రంగు పట్టీలు వేయించారు. దగ్గరివి వెడల్పుగా, ముదురుగా. దూరం పోయేకొద్దీ సన్నగా, పలచగా. దగ్గరి నీళ్ళలో నేను నాకు తెలియకుండానే ఆకుపచ్చ కలిపాను. పాపన్నపేటలో మా అమ్మవాళ్ళ వరి మీద గాలి వీచినప్పటి రంగు అది. తుడవబోతే చేయి పట్టుకున్నారు. "ఉండనియ్యి. గవి నీ నీళ్ళు."

ఒక్కటి మాత్రం ఒప్పుకోలేదు. నీళ్ళు ఆకాశాన్ని తాకే గీతను నేను బాగా పైకి పెట్టాను.

"వేలెడంత ఆకాశం ఉంచినవేందే పిల్లా? తలొంచుకొని చూసేటోళ్ళకు గట్లనే కనబడ్తది. జర తల లేపు, గీత కిందికొస్తది."

"గంత ఆకాశంల ఏం వెయ్యాలె అత్తమ్మా?"

"ఏం వెయ్యకు" అని నవ్వారు. "గీత దించమని నేను తొందరవెట్టను. నువ్వు దించిననాడే గోడకు పెడ్దాం."

రేపు దించుతానన్నాను. అంత ఖాళీ అంటే భయమేసింది. రోజూ రేపే అయింది.

దినాలు అయిపోయాక మా ఆయన మేకు, సుత్తి తెచ్చారు. "అమ్మ ఫొటో పక్కకు ఈ బొమ్మ పెడ్త. మంచిగనే ఉంది గదా."

"వద్దు. ఇంకా పూర్తి కాలే" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి సుత్తి కింద పెట్టారు. ఆయన మాటకు నేను వద్దనడం అదే మొదలు.

నూనె రంగులు తొందరగా ఆరవు. అత్తమ్మ గదిలోకి వెళ్ళి పటాన్ని ముట్టుకుంటే, ఆమె పక్కన కూర్చుని ఉండగా చివరగా వేసిన దూరపు నీలం వేలికి అంటింది. ఇంకా పచ్చిగానే ఉంది. గుడ్డను టర్పెంటైన్‌లో తడిపి, ఆ పై పట్టీలను ఒక్కొక్కటిగా తుడిచేశాను. గీత నా కళ్ళకు ఎదురుగా వచ్చేదాకా తుడిచాను. గుడ్డంతా నీలమైంది.

ఇప్పుడు కింద ఆకుపచ్చ నీళ్ళు ఉన్నాయి. వాటిపైన సగం పటం మసక తెలుపు. అందులో ఏమీ వేయలేదు. పొద్దున కిటికీ తెరిస్తే వెలుగు ముందు అక్కడే పడుతోంది.